ఎనిమిదో వాటా

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేను కాదనను. బుచ్చిరెడ్డిపాలెం బస్టాండు పక్కన పద్దెనిమిదేళ్ళుగా చేపలు అమ్ముతున్నాను. అక్కడ మెత్తగా మాట్లాడే మనిషి బుట్ట పొద్దు గూకినా ఖాళీ కాదు. అంతసేపూ అరిచిన గొంతు ఇంటికి రాగానే దించుకోమంటే ఎక్కడ దించుకుంటాను? అందుకే మా చెల్లెలు జయశీల మనుబోలు నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఈ ఏడు దీపావళికి పుట్టింటి చీరలు లేవంట," అన్నప్పుడు ఒంటికాలి మీద లేచాను.

"ఎవురు చెప్పినారు? అన్నా, వదినా?"

"వదినే. ఆదివారం అందరం కుప్పానికి రావాలంట. మొగోళ్ళు గూడా రావాలంట. మాట్లాడాలంట."

"ఆమె మాట్లాడేదేంది? నేనొస్తా. నేనే మాట్లాడతా."

మా పుట్టిల్లు మైపాడుకు దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న కుప్పం, అంటే జాలరి పల్లె. అమ్మానాన్నలు పోయి చాలా ఏళ్ళయింది. పుట్టిల్లంటే ఇప్పుడు మా అన్న ముత్యాలయ్య, వదిన ముసలమ్మ, డిగ్రీ చదువుతున్న వాళ్ళమ్మాయి వెన్నెల. వదినకు అమ్మవారి పేరు పెట్టారు గాని మనిషికి నలభై రెండేళ్ళే. మేం ఆడపిల్లలం ముగ్గురం. అన్న కంటే పెద్దది సాయిలక్ష్మక్క. అన్న తర్వాత నేను, ఆఖరున జయశీల.

దీపావళికి పుట్టింటి నుంచి ఆడబిడ్డకు చీర, అల్లుడికి గుడ్డలు రావడం మా ఇంట్లో తాత కాలం నుంచి ఉన్నదే. ఆడబిడ్డలు కూడా ఊరికే పుచ్చుకుని పోరు. అన్నకూ వదినకూ అంటూ ఇంటికేదో ఒక వస్తువు తెస్తారు, అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు పెట్టుకుంటారు, బావామరుదులు ఒకరికి తగ్గకుండా ఒకరు కొంటారు. పండగ నాలుగు రోజులూ మా ఇంటి వసారా బట్టల కొట్టులా ఉండేది. అది చూసి కుప్పంలో వాళ్ళు ముక్కున వేలేసుకోవాలని మా అందరికీ ఉండేది. వేలేసుకునేవాళ్ళు కూడా.

ఆదివారం మా ఆయన పెంచలకృష్ణ చేపలు తోలే ఆటోలోనే వెళ్ళాం. దారి పొడవునా నేను అనబోయే మాటలన్నీ ఆయనకు వినిపించాను. ఆయన రోడ్డు చూసుకుంటూ "ఊఁ" కొడుతూ వచ్చాడు. ఆటో ఆగీ ఆగకముందే దిగి పెరట్లోకి వెళ్ళాను.

వదిన ఎండుచేపల దగ్గర ఉంది. ఇసుక మీద పాత వల పరిచి, దాని మీద కవళ్ళ చేపలు ఆరబోసింది. పడమట మబ్బు పట్టింది.

"పుట్టింటి చీర లేదనేదానికి నువ్వెవురు వదినా?" అన్నాను.

"వచ్చినావా స్వర్ణా? మంచిదైంది. వాన వచ్చేలోపు వీటిని ఎత్తాల. ఆ కొస పట్టుకో," అంది.

నేను కొస పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. మా వదిన పని చెబితే చేతులు ముందు కదులుతాయి, కోపం తర్వాత గుర్తొస్తుంది. ఇద్దరం వలను నాలుగు మూలలా పట్టుకుని చేపలన్నీ మధ్యలోకి దొర్లించి, మూట కట్టి వసారాలోకి చేర్చేసరికి చినుకులు పడ్డాయి. ఒక్క చేప తడవలేదు. ఆ చేపలే ఆమె బ్యాంకు. రేవులో ధర పడిపోయిన రోజున, ఎవరూ కొనక పారబోయబోయే చేపలను ఆమె బుట్టల కొద్దీ కొంటుంది. ఉప్పు పట్టించి ఆరబెట్టి, వానాకాలంలో పడవలు కదలనప్పుడు సంగం వైపు పల్లెలకు తీసుకెళ్ళి అమ్ముతుంది. అమ్మిన డబ్బులో ఒక్క రూపాయి కూడా తన నోట్లోకి పోగా నేను చూడలేదు.

వసారాలో అక్కా, ఓబులేసు బావా, జయశీలా, ఆమె భర్త నరేంద్రా అప్పటికే కూర్చుని ఉన్నారు. జయశీలకు అయిదో నెల. గోడవారగా మా అన్న తల వంచుకుని కూర్చున్నాడు. అతని పక్కన జిప్పు వేసిన నల్ల బ్యాగు ఒకటి ఉంది.

"ఆ బ్యాగేంది?" అన్నాను.

వదిన చేతులు కడుక్కుని వచ్చి మా అందరి ఎదురుగా కింద కూర్చుంది. దాచిపెట్టి చెప్పడం ఆమెకు రాదు.

"మీ అన్నది. మద్రాసు హార్బరుకి పోతాడంట, పెద్ద బోటు మీద కూలికి. పది నెల్లు. పోయిన నెల్లో మరబోటోళ్ళు వల తెంపుకోని పోయినారని మీకు తెలుసు గదా. ఎండుచేపలు అమ్మి నేను దాచింది ఉండాది. దాంతో కొత్త వల వస్తాది. లేదంటే మన పండగ పెట్టుపోతలు వస్తాయి. రెండూ రావు. మీ అన్నకి రెండూ కావాలంట. అందుకని పోతా ఉండాడు."

"ఆడబిడ్డలకి గుడ్డ పెట్టలేనోడు రేవులో ఎట్టా నిలబడతాడు?" అన్నాడు అన్న, తల ఎత్తకుండానే. "నా మొహం ఎవురికి చూపించేది?"

అక్కడితో నా నోరు ఆగి ఉండాల్సింది. మా అన్న పదిహేనో ఏట నుంచి సొంత పడవ మీదే ఉన్నాడు. ఇంకొకరి బోటు మీద, ఇంకొకరు తిడుతుంటే ఐసు గడ్డలు మోసే మనిషిగా అతన్ని ఊహించుకోవడానికి నాకు కళ్ళు మూసుకోవాల్సిన పని కూడా లేదు. మా కుప్పం నుంచి అలా పోయిన వాళ్ళను చూశాను. పది నెలలని పోతారు. పడవ ఇసుకలో ఎండి పగుళ్ళిస్తుంది. తిరిగొచ్చాక దాన్ని బాగుచేయించే శక్తి ఉండదు, మళ్ళీ పోతారు. ఇవన్నీ తెలిసి కూడా నేను, "అయితే మా మూడు చీరలతోనే మీ వల మునిగిపోయిందా వదినా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

వదిన నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా కనిపించనివ్వలేదు.

"స్వర్ణా, నిరుడు నువ్వు మాకు మిక్సీ తెచ్చినావు గదా. ఎట్టా కొన్నావు?"

"కొన్నా. ఎట్టా కొంటే నీకేంది?"

"నెలనెలా కంతుల మీదేనా?"

 మా ఆయన మెల్లగా, "ఇంకా రెండు కంతులు ఉండాయి అక్కా," అన్నాడు. ఇంటికి పోయాక ఆయన పని పట్టాలని అనుకున్నాను.

వదిన లేచి మంచం కిందినుంచి ఒక అట్టపెట్టె లాగింది. నేను తెచ్చిన మిక్సీయే. మూత మీద అంటించిన కాగితం కూడా చించలేదు. "ఈడ కరెంటు ఉండేదెప్పుడు, నేను దీన్ని తిప్పేదెప్పుడు? నాకు రోలు ఉండాది. నీ కంతులు తీరతానే ఉండాయి, ఇది మంచం కిందే ఉండాది. మంచిదాన్ని పెట్టెలో పెట్టుకోని బాధపడతా ఉండాను," అంది.

జయశీల పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, అంతలోనే కళ్ళు తుడుచుకుంటూ, నిరుడు పండక్కి అన్నకు పట్టు పంచె కొనడానికి తన గొలుసు కుదువ పెట్టానని, అది ఇంకా విడిపించలేదని చెప్పేసింది. నరేంద్ర ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. పాపం, అతనికి అప్పుడే తెలిసింది. ఓబులేసు బావ గొంతు సవరించుకుని, మా అందరికీ స్వీటు డబ్బాలు కొన్నది చిట్టీ పాడుకునే అన్నాడు. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా ఒకరికొకరం పండగ పేరుతో పెట్టుకుంటున్నవి ఇవన్నమాట. అన్న మాత్రం నవ్వలేదు.

"అయితే ఏం జేద్దాం ముసలమ్మా? ఎవురికీ ఏమీ వద్దంటావా?" అంది సాయిలక్ష్మక్క. "పండగనాడు ఒట్టి చేతుల్తో కూర్చుంటే బాగుంటాదా?"

"బాగుండదు వదినా. అట్టా ఎందుకు కూర్చుంటాం? రేవులో చేపలు పంచుకున్నట్టు పంచుకుందాం."

రేవులో వాటాలు ఎలా వేస్తారో చెప్పాలి. పడవ ఒడ్డుకు వచ్చాక చేపలను కుప్పలుగా పోస్తారు. పడవకొక కుప్ప, వలకొక కుప్ప, మనిషికొక కుప్ప. ఎంత సమంగా పోసినా ఒక కుప్పలో పెద్ద వంజరం పడుతుంది, ఇంకోదాంట్లో పడదు. అందుకని ఒక పెద్దమనిషి కుప్పలకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. ఇంకొకరు ఒక కుప్పను చూపించి "ఇది ఎవురిది?" అంటారు. ఆయన వెనక్కి చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ కుప్ప అతనిది. అడిగే హక్కు లేదు, అలిగే హక్కు అసలే లేదు. మా రేవులో ఆ పని ముప్పై ఏళ్ళుగా గంగులయ్య చిన్నాయన చేస్తున్నాడు. అన్న పడవలోనే వేటకు పోయే ముసలాయన, ఒంటరివాడు.

"పిలకాయలకి అందరికీ కలిపి ఒక పెట్టె టపాకాయలు," అంది వదిన. "పెద్దోళ్ళం ఎనిమిది మందిమి. ఒకరు ఒక్కరికే ఇచ్చేది. ఎవురు ఎవురికి ఇవ్వాల్నో చిన్నాయన చెప్తాడు. అయిదొందలకి పైన పెట్టకూడదు. తక్కువైతే ఇంకా మెచ్చుకుంటాం. కొనకుండా చేతుల్తో చేసిస్తే నెత్తిన పెట్టుకుంటాం. అది గూడా పుట్టింటి పెట్టుబడే. కుప్పంలో ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పండి, ముసలమ్మ పిసినారిదైపోయిందని."

ఆ ఆఖరి మాటకు అన్న తలెత్తాడు. నింద అతని మీద పడకుండా ఆమె తన మీదికి లాక్కుందని నాకు అప్పుడే అర్థమై ఉండాలి. కాలేదు. నాకు ఇంకా చీరే కనబడుతోంది.

గంగులయ్య చిన్నాయనను పిలుచుకొచ్చారు. వాన వెలిసింది. వసారా కొసన, సముద్రం వైపు మొహం పెట్టి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. రేవులో కూడా అలాగే నిలబడతాడు. వదిన ఆయన చెవిలో ఎనిమిది పేర్లూ చెప్పింది. ఆయన వేళ్ళు ముడుచుకుంటూ లెక్క పెట్టుకున్నాడు. మేం వరసగా కూర్చున్నాం. వదిన చీపురుపుల్ల పట్టుకుని మా ముందుకు వచ్చింది.

మొదట సాయిలక్ష్మక్క ముందు నేల మీద తట్టింది. "ఇది ఎవురి చేతిది మామా?"

"నరేంద్రది."

అంటే అక్కకు నరేంద్ర ఇవ్వాలి. ఓబులేసు బావ ముందు తట్టింది. "ఇది?"

"పడవది," అన్నాడు చిన్నాయన.

అందరం గొల్లుమన్నాం. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయన కూడా నవ్వుకుని, "ముత్యాలయ్యది, ముత్యాలయ్యది," అని దిద్దుకున్నాడు. నా ముందు తట్టినప్పుడు ఓబులేసు బావ పేరు వచ్చింది. మా ఆయనకు జయశీల. జయశీలకు వదిన. నరేంద్రకు అక్క. ఆఖరున అన్న ముందు తడితే, "పెంచలకృష్ణది," అన్నాడు.

"అయిపోయింది," అంది వదిన, పుల్ల పక్కన పడేస్తూ.

నేను వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను. నా పేరు రాలేదు. అందరి చేతులూ వచ్చాయి, నా చెయ్యి రాలేదు. కోపం నెత్తికెక్కింది.

"నా పేరేది?" లేచి నిలబడ్డాను. "నేను గట్టిగా మాట్లాడినానని నా పేరు తీసేసినావా వదినా? నా చేత్తో ఇచ్చేది ఎవురికీ పనికిరాదా? కంతులు కట్టుకునేదాన్ని, ఇచ్చే తాహతు లేదనుకున్నావా?"

వదిన బిత్తరపోయింది. "అయ్యో, తియ్యలే స్వర్ణా. నీ పేరు నేనే చెప్పినా. మామా, స్వర్ణ పేరు చెప్పినా గదా?"

చిన్నాయన వెనక్కి తిరగలేదు. "చెప్పినావు. ఆ పేరు నా నోట్లోనే ఉండాది. ఇంకో కుప్ప ఉండాలే. చూపించు, చెప్తా."

వదిన మా వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. మళ్ళీ చూసింది. "లేదు మామా. అందర్నీ చూపించినా. ఎవురూ మిగల్లేదు."

"ఎనిమిది పేర్లకి ఎనిమిది కుప్పలుండాల," అన్నాడు చిన్నాయన. అని, మా ఎరుకలో మొదటిసారి, వాటాలు పూర్తికాకముందే వెనక్కి తిరిగాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత పుల్ల పారేసి నిలబడ్డ వదినను చూశాడు.

"నువ్వుండావు గదమ్మా," అన్నాడు.

 వదిన నవ్వబోయింది. "అవును గదా. నన్ను మర్చిపోయినా," అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. ఇచ్చే వాళ్ళ లెక్కలో తన పేరు తప్పకుండా చెప్పింది. పుచ్చుకునే వాళ్ళలో తానూ ఒకతె అని ఆమెకు తోచలేదు. తోచకపోవడం ఆమె తప్పు కాదు. ఆమె ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండు పండగల్లో ఆమెకు అని ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని వెతుక్కున్నాను. అన్నకు పంచెలు, ఇంటికి మిక్సీ, గోడ గడియారం, కుర్చీలు. ఆమెకు పుట్టిల్లు లేదు. పులికాటు ఒడ్డున ఉన్న తల్లి కూడా వెన్నెల పుట్టక ముందే పోయింది. అన్నదమ్ములు లేరు. మా పుట్టింటి చీర కోసం కత్తి దూసినట్టు వచ్చిన నాకు, పుట్టింటి చీర రాని మనిషి ఈ ఇంట్లోనే ఉందని ఒక్కసారీ గుర్తు రాలేదు.

"స్వర్ణది," అన్నాడు చిన్నాయన, ఆమెను చూపిస్తూ. "ఈ వాటా స్వర్ణ చేతిది."

 ఆ సాయంత్రమే అన్న బ్యాగు జిప్పు తీసి బట్టలు దండెం మీద వేశాడు. మరుసటి వారం వల కొన్నారు.

తర్వాత మూడు వారాలు నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. అయిదు వందల్లో వదినకు ఏం కొనాలి? అన్నకు ఫోన్ చేసి, "వదినకి ఏమంటే ఇష్టం?" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి! తిడదామని నోరు తెరిచి, నాకు మాత్రం ఏం తెలుసని మూసుకున్నాను. వెన్నెలను అడిగితే, "అమ్మకి ఏదైనా పరవాలేదత్తా," అంది. చీరే కొందామని నిశ్చయించుకున్నాను. మరి ఏ రంగు? దానికీ జవాబు లేదు. ప్రతి ఏడాదీ వదిన ఆషాఢంలోనే నెల్లూరు చిన్నబజారుకు పోయి, కొట్టువాడి చేత కన్నీళ్ళు పెట్టించి, నాలుగు చీరలు ఒకే ధరకు తెచ్చేది. పండగకు మా ముందు పరిచేది. మేం ముగ్గురం ఏరుకున్నాక మిగిలింది తాను కట్టుకునేది. ఆమె ఒంటి మీద నేను చూసిన రంగులన్నీ మాకు నచ్చని రంగులే.

బుచ్చిరెడ్డిపాలెంలో నాకు వాడుక ఇల్లు ఒకటి ఉంది, బట్టల కొట్టు వాళ్ళది. ఆదివారం ఆదివారం వాళ్ళింటికి చేపలు శుభ్రం చేసి మరీ ఇస్తాను. కొట్టుకు తలుపులు తీసే వేళకు పోయాను. బోణీ బేరం కాదనలేరని వదిన దగ్గర నేర్చుకున్నదే. బాగున్న చీరను బాగుందని అనకుండా, అంచు తిప్పి చూసి పెదవి విరవడం కూడా ఆమె విద్యే. ఆరు వందల యాభై చెప్పిన నూలు చీరలను నాలుగు వందల ఎనభైకి దించాను. మూడు రంగులు తీసుకున్నాను. "ఒకటి ఉంచుకుని రెండు పండగైనాక తిరిగి ఇస్తా," అంటే, "నీ మాట చాలులేమ్మా," అన్నాడు కొట్టాయన.

దీపావళి ముందు రోజు పొద్దున్నే కుప్పానికి చేరాం. వసారా నిండా కొత్త వల పరిచి ఉంది. నీలం రంగు. అన్నా, గంగులయ్య చిన్నాయనా దానికి తేలే బెండ్లు కడుతున్నారు. సముద్రం సద్దుమణగగానే మొదటి వేట. అన్న నన్ను చూసి, "వచ్చినావా!" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోయి చాలా రోజులైంది.

పెట్టుబళ్ళు మొదలయ్యాయి. టైర్ల కొట్టులో పనిచేసే నరేంద్ర పాత ట్యూబు కోసి, వానలో జారని చెప్పులు కుట్టించి అక్కకు తెచ్చాడు. ఖర్చు డెబ్బై రూపాయలు. అక్క వాటిని తొడుక్కుని ఇల్లంతా తిరిగింది. తర్వాత వదిన జయశీలకు ఇచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత. మా అమ్మ పాత చీరలు ఆమె ఇన్నేళ్ళు దాచి ఉంచింది. వాటి ముక్కలు కలిపి, మూడు వారాలు కూర్చుని కుట్టింది. పైసా ఖర్చు లేదు. జయశీల ఆ బొంతను మొహానికి అదుముకుని ఏడ్చేసింది. ఇలాంటి మనిషితోనా నేను చీర కోసం కొట్లాటకు వచ్చింది అనుకున్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దది, నాలాగే పెద్దగా చదువుకోనిది. కాని ఇంత మందిని బాధపెట్టకుండా కూడగట్టడం ఆమెకు ఎక్కడిది? నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

నా వంతు వచ్చింది. వదినను చాప మీద కూర్చోబెట్టి, పసుపు కుంకుమ, తాంబూలం పెట్టి, మూడు చీరలూ ఆమె ముందు పరిచాను. ఆకుపచ్చ, కనకాంబరం, వంగపండు రంగు.

"మిగతా రెండు ఎవురికి?" అంది వెంటనే.

"ఎవురికీ కాదు. నువ్వు ముందు ఏరుకో. మిగిలినవి కొట్టుకి పోతాయి."

"అట్టా కాదులే. సాయిలక్ష్మొదినకి ఆకుపచ్చ బాగుంటాది, ఆమెని తీసుకోమను. నువ్వేది..."

"వదినా!" నా గొంతు పెద్దదైంది. ఈసారి కోపంతో కాదు. "పుట్టింటోళ్ళం వచ్చినాం. తీసుకో."

ఆమె నా వైపు చూసింది. తర్వాత గడప అవతల వల మీద వంగి ఉన్న మా అన్న వైపు చూసింది. "నాకెందుకు స్వర్ణా ఇవన్నీ? నా వాటా నాకు ముందే వచ్చింది గదా. మీ అన్న ఊళ్ళోనే ఉండాడు," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందే ఏడ్చాను. "అది వేరే. ఇది నా చేతిది. నువ్వు తీసుకోకపోతే నేను ఈ ఇంటి లెక్కలో లేనట్టే," అన్నాను.

వదిన లేచి వెళ్ళి, చేపల వాసన పోయేలా చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. మళ్ళీ కూర్చుంది. చిన్నబజారులో అరగంటలో ఇంటిల్లిపాదికీ గుడ్డలు ఏరే మనిషి, మూడు చీరల ముందు ఎంతసేపు కూర్చుందో! ఆకుపచ్చను తాకింది. కనకాంబరాన్ని తాకింది. చివరికి వంగపండు రంగు చీరను రెండు చేతులతో ఎత్తుకుని ఒడిలో పెట్టుకుంది.

 అది నా రంగు. నాకు పెళ్ళయిన ఏడు నుంచి, ఆమె తెచ్చిన నాలుగింటిలో వంగపండు రంగు ఉంటే నేనే ముందు లాక్కునేదాన్ని. ఆ రంగు ఆమె దాకా ఒక్క ఏడూ మిగల్లేదు.

"నీకు ఇది ఇష్టమా వదినా?"

"చిన్నప్పట్నించి," అంది.

 ఆమె చీర అంచు తిప్పి చూసింది, వేళ్ళతో నలిపి నూలు చూసింది.

"ఎంతకిచ్చినాడు?"

"నాలుగొందల ఎనభై."

"నాలుగొందలకి ఇచ్చుండేవాడే," అంటూ చీర మడత విప్పి, భుజం మీద వేసుకుంది.